కారు అద్దం ఎందుకు మసకబారుతుంది? ఎలా తేటపడుతుంది?

ఈశాన్య రుతుపవనాల వానలు కురిసే అక్టోబరు, నవంబరు నెలల్లో, ఆత్మకూరు నుంచి వెలిగొండల చెంతనున్న ఉదయగిరికి కిటికీలన్నీ మూసుకుని సాగే కారులో, ప్రయాణికుల ఊపిరిలోని, తడిసిన బట్టల్లోని తేమ లోపలి గాలిలో చేరి, వానకు చల్లబడిన అద్దాన్ని తాకగానే సన్నని నీటి బిందువులుగా మారుతుంది. గాలి తనలోని తేమనంతా ఇక ఆవిరిగా నిలుపుకోలేని ఉష్ణోగ్రతను తుషార స్థానం అంటారు. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములను మాత్రమే. బిందువులు కాంతిని చెదరగొట్టడం వల్ల ఎదురొచ్చే లారీ దీపాల వెలుగు అద్దమంతా పరుచుకుని, దారి దాటే గేదె సైతం కనిపించకుండా పోతుంది. కనుక అద్దం తేటపడకముందే బండి కదపడం నిజంగా ప్రమాదకరం.

ఏసీలోని చల్లని గొట్టాల మీద తేమ నీరై కారిపోవడంతో గాలి పొడిబారుతుంది కాబట్టి, ఆ గాలిని ముందు అద్దం మీదికి మళ్లించి, లోపలి గాలినే తిరిగి తిప్పే మీటను ఆపి, బయటి గాలిని రానివ్వాలి. చేత్తో తుడిస్తే జిడ్డు అంటుకుని చూపు మరింత మసకబారుతుంది. ఉక్కపోసే రాత్రి ఏసీ వల్ల అద్దమే అతిగా చల్లబడితే తేమ బయటి వైపున పేరుకుంటుంది. అప్పుడు వైపరు తిప్పి, ఏసీ చల్లదనాన్ని తగ్గించాలి.