గంజాయి కేసులో నేరం ఒప్పుకున్నాక అప్పీలు చేయొచ్చా?

‘‘తక్కువ సరుకే కదా, ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుంది.’’ గంజాయి కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్లకు కోర్టు వరండాల్లో తరచూ వినిపించే సలహా ఇది. వాయిదాలకు తిరగలేక చాలామంది తలూపేస్తారు. అయితే అది ట్రాఫిక్‌ చలానా కట్టడం లాంటిది కాదు. కోర్టు దోషిగా తేల్చినట్టే. మరి ఆ తర్వాత పైకోర్టుకు వెళ్లే దారి ఉందా? ఉంది, కానీ చాలా ఇరుకు.

స్టేషన్‌లో ఒప్పుకోవడం వేరు

‘నిందితుడు నేరం అంగీకరించాడు’ అని పోలీసుల ప్రకటనల్లో చూస్తుంటాం. పోలీసుల ముందు ఇచ్చిన ఆ వాంగ్మూలం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఎన్‌డీపీఎస్‌ చట్టం కింద అధికారులు నమోదు చేసే ఒప్పుకోలుకూ ఇదే వర్తిస్తుందని తూఫాన్‌ సింగ్‌ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు చిక్కు జడ్జి అభియోగం చదివి వినిపించి ‘‘నేరం ఒప్పుకుంటున్నావా?’’ అని అడిగినప్పుడు ‘‘అవును’’ అనడంతోనే మొదలవుతుంది.

చట్టం ఏమంటోంది?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లోని సెక్షన్‌ 416 ప్రకారం, నేరం ఒప్పుకోవడం వల్ల మేజిస్ట్రేటు లేదా సెషన్స్‌ కోర్టు దోషిగా తేలిస్తే ఆ తీర్పుపై అప్పీలు ఉండదు. శిక్ష ఎంత, అది చట్టబద్ధమేనా అన్న అంశాలపై మాత్రమే అప్పీలు చేయొచ్చు. పాత సీఆర్‌పీసీ సెక్షన్‌ 375లోనూ ఇదే ఉంది.

ఉదాహరణకు, గంజాయి కిలో లోపు ఉంటే గరిష్ఠ శిక్ష ఏడాది జైలు లేదా రూ.10 వేల జరిమానా లేదా రెండూ. 800 గ్రాముల కేసులో రెండేళ్లు వేస్తే అది చట్టవిరుద్ధం. అప్పీలులో నిలబడదు. కిలో నుంచి 20 కిలోల వరకు పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఇక్కడ వయసు, తొలి నేరం వంటి కారణాలు చూపి తగ్గించమని కోరవచ్చు. 20 కిలోలు దాటితే కనీస శిక్షే పదేళ్లు. అంతకంటే తగ్గించే వీలు అప్పీలు కోర్టుకూ లేదు.

ఒప్పుకోలే చెల్లదంటే?

అభియోగం అర్థమయ్యే భాషలో చెప్పలేదని, లాయరు లేడని, బెదిరించో ఆశపెట్టో ఒప్పించారని అంటే రివిజన్‌ పిటిషన్‌ వేయొచ్చు. మేజిస్ట్రేటు కోర్టులో ఒప్పుకోలును వీలైనంత వరకు నిందితుడి మాటల్లోనే రాయాలని మహంత్‌ కౌశల్యదాస్‌ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ రోజు కోర్టు రికార్డులో ఏం రాశారన్నదే కీలకం. పిటిషన్‌ గెలిచినా కేసు కొట్టేసినట్టు కాదు. సాధారణంగా విచారణ మళ్లీ మొదలవుతుంది.

ప్లీ బార్గెయినింగ్‌తో ముగిసిన కేసులో తీర్పే అంతిమం. హైకోర్టులో రిట్‌, సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్‌ మాత్రమే మిగులుతాయి.

గడువు ఎంత?

మేజిస్ట్రేటు తీర్పుపై సెషన్స్‌ కోర్టుకు 30 రోజుల్లో, ఎన్‌డీపీఎస్‌ ప్రత్యేక కోర్టు తీర్పుపై హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు వేయాలి. రివిజన్‌కు 90 రోజులు. ఆలస్యమైతే సరైన కారణం చూపి మన్నించమని కోరవచ్చు. జైలుశిక్ష పడినవారికి తీర్పు ప్రతి ఉచితంగా ఇవ్వాలి. అప్పీలు పెండింగ్‌లో ఉండగా శిక్షను నిలిపివేసి బెయిల్‌ ఇవ్వమని కోరే వీలుంది.

లాయరు ఫీజు లేకపోతే?

జైల్లో ఉన్నవారు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపించవచ్చు. బయట ఉన్న కుటుంబ సభ్యులు న్యాయ సేవల హెల్ప్‌లైన్‌ 15100కు ఫోన్‌ చేయొచ్చు.

ఒప్పుకునే ముందే ఆలోచించండి

తూకం, సీజు, ల్యాబ్‌ నివేదికల్లో లోపాలున్నా నేరం ఒప్పుకున్నాక అప్పీలులో వాటిని ఎత్తిచూపే అవకాశం దాదాపు పోతుంది. వ్యసనపరులకు చికిత్స కోసం సెక్షన్‌ 39, 64ఏ కింద కొన్ని వెసులుబాట్లున్నాయి. అవి మీకు వర్తిస్తాయేమో ముందే అడగండి. జడ్జి ప్రశ్నకు జవాబిచ్చే ముందు లాయరుతో మాట్లాడేందుకు సమయం కావాలని కోరండి. ఇంటికి త్వరగా వెళ్లాలన్న తొందరలో అన్న ఒక్క ‘అవును’ను తర్వాత వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.