ఆధారం చూడనిదే అక్షరం వేయరు

పిల్లలు లా చదువుతున్నారనగానే మన కళ్ల ముందు నల్లకోటు, న్యాయస్థానం మెదులుతాయి. విద్యార్థులు నడిపే న్యాయపత్రిక మన ఊహకు అంతగా రాదు. అమెరికాలో ఆచార్యులు రాసిన పరిశోధన వ్యాసాలను సైతం ఎంపిక చేసేదీ, పరిష్కరించేదీ, ప్రచురించేదీ చాలావరకు విద్యార్థులే. 1887లో ఆరంభమైన హార్వర్డ్ లా రివ్యూ ఈ సంప్రదాయానికి పేరుపడిన ఉదాహరణ. అంతర్జాతీయ న్యాయానికి ప్రత్యేకించిన విద్యార్థి పత్రికలు హార్వర్డ్‌లో 1959లోను, వర్జీనియా విశ్వవిద్యాలయంలో 1960లోను మొదలయ్యాయి. మన హైదరాబాద్‌లోని నల్సార్‌లోనూ విద్యార్థుల సంపాదకత్వంలో న్యాయపత్రిక వెలువడుతోంది.

అమెరికాలో అనేక పత్రికలు మొదటి సంవత్సరం ముగిశాక పోటీ నిర్వహిస్తాయి. అందరికీ ఒకే సమాచారం ఇచ్చి, గడువులోగా వ్యాఖ్య రాయమంటారు. తప్పులున్న ప్రతిని దిద్దమంటారు. కొన్ని అంతర్జాతీయ న్యాయపత్రికలు మొదటి సంవత్సరం విద్యార్థులకూ తలుపులు తెరుస్తాయి.

చేరినవారికి తొలుత అప్పగించే పని ఫుట్‌నోట్ల పరిశీలన. పేర్కొన్న ప్రతి తీర్పునూ, ఒప్పందాన్నీ వెదకి తెచ్చి, రచయిత చెప్పినది అందులో నిజంగా ఉన్నదా అని సరిచూడాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రాణాపాయమున్న చోటికి శరణార్థిని తిప్పి పంపరాదని 1951 నాటి శరణార్థుల ఒప్పందం 33వ అధికరణం నిర్దేశిస్తోంది. దాని రెండవ ఖండికలోనే దేశభద్రతకు సంబంధించిన మినహాయింపు ఉంది. రచయిత మొదటి ఖండికను మాత్రమే చూపి, ఈ ఒప్పందంలో ఏ మినహాయింపూ లేదని రాస్తే, విద్యార్థి ఆ వాక్యాన్ని ఆపి ప్రశ్నించాలి. ఆ వాక్యం తన మనసుకు ఎంత నచ్చినా సరే ఆపాలి. అసలు పరీక్ష అక్కడే ఉంది. బలహీనమైన ఆధారంతో బాధితుని పక్షాన నిలిస్తే, ప్రత్యర్థి ఒక్క ప్రశ్నతో ఆ వాదాన్ని కూల్చివేస్తాడు.

ఈ జాగ్రత్త వ్యర్థం కాదు. న్యాయసూత్రాలను నిర్ధారించేందుకు ప్రముఖ న్యాయకోవిదుల రచనలను సహాయక సాధనంగా స్వీకరించవచ్చని అంతర్జాతీయ న్యాయస్థాన శాసనంలోని 38వ అధికరణం అంగీకరిస్తోంది. కనుక పత్రికలో పడిన మాట ఎప్పుడో ఒక న్యాయమూర్తి బల్లమీదికి చేరవచ్చు.

పత్రికలో సభ్యత్వం ఉద్యోగ దరఖాస్తుకు శోభనిస్తుంది. అందుకోసమే చేరి, మూలం తెరవకుండా సరిచూశామని గుర్తు పెట్టడం నమ్మకద్రోహమే. మన బిడ్డ ఇటువంటి పత్రికలో చేరితే, “పేరు అచ్చయిందా?” అని అడిగేముందు “మూలం చదివావా?” అని అడుగుదాం. రేపు న్యాయవాదిగా నిలబెట్టేది ఆ అలవాటే.