చైనా లిపి: గీతల వరుస

చైనా లిపిని గురించి మన విద్యార్థులలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది: అది బొమ్మల లిపి అనీ, చేయి తిరిగిన చిత్రకారునికి తప్ప అన్యులకు అలవడదనీ. అక్షరాల సంఖ్య చూస్తే ఆ భయం సహజమే. 1716లో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువులో 47,000కు పైగా అక్షరాలు ఉన్నవి. 1988లో చైనా ప్రభుత్వం ప్రకటించిన నిత్యవ్యవహారపు పట్టికలోనే 3,500 ఉన్నవి. యాభై ఆరు అక్షరాలతో ఓనమాలు ముగించిన మనకు ఈ లెక్క విని గుండె జారడంలో వింత లేదు. ఇన్నింటిని అక్కడి బాలుడు ఎట్లు జ్ఞాపకం ఉంచుకొంటాడు? ప్రతి అక్షరాన్ని గీతల వరుసగా చేతికి అలవాటు చేసుకొంటాడు.

కలం ఎత్తకుండ ఒక్క తడవ గీసినది ఒక గీత. పాఠశాలలో గీతలను ఐదు జాతులుగా లెక్కిస్తారు: అడ్డగీత, నిలువుగీత, ఎడమకు వాలిన గీత, చుక్క, మలుపు గీత. నోరు అనే అర్థం గల అక్షరం చూపునకు చిన్న చతురస్రం. మనం లెక్కిస్తే నాలుగు గీతలు. చైనావారి లెక్కకు మూడే. ఎడమ ప్రక్క నిలువుగీత మొదటిది. పైగీతను కుడికి లాగి, కలం ఎత్తకుండ అక్కడనే క్రిందికి మలుపుతారు, ఇది రెండవది. అడుగుగీతతో చతురస్రం మూతపడుతుంది.

వరుసకు నియమాలు కొద్దివే. పైది ముందు, క్రిందిది తరువాత. ఎడమది ముందు, కుడిది తరువాత. అడ్డగీత, నిలువుగీత ఖండించుకొన్నచోట అడ్డగీతకే అగ్రతాంబూలం. గణితంలోని కూడిక గుర్తును పోలిన పది అనే అక్షరంలో ఇదే క్రమం. చుట్టూ ప్రాకారం గల అక్షరమైతే, లోపలివారందరు ప్రవేశించిన పిమ్మటనే తలుపు మూయవలెనని ఉపాధ్యాయులు పిల్లలకు చెబుతారు. దేశం అనే అక్షరం ఇట్టిదే. ప్రాకారపు అడుగుగీత అన్నిటికంటె చివర వస్తుంది. చెట్టుకు నాలుగు గీతలు. రెండు చెట్లను ప్రక్కప్రక్కన నిలిపితే తోపు, ఎనిమిది గీతలు. మూడు చెట్లు అడవి, పన్నెండు గీతలు. ఒకసారి నేర్చినది పెద్ద అక్షరంలో తిరిగి అక్కరకు వచ్చే ఈ పొదుపే ఆ లిపికి ప్రాణం. అయితే అజాగ్రత్తకు క్షమ లేదు. రెండు అడ్డగీతలు, ఒక నిలువుగీత కలిసిన అక్షరంలో అడుగుగీత పొడవైతే మన్ను. పైగీత పొడవైతే పండితుడు!

బాలురు ఎర్రసిరాతో అచ్చయిన అక్షరాలపై నల్లసిరాతో దిద్దుతారు. ఆ తరువాత గళ్ల పుస్తకంలో చూచి వ్రాస్తారు. ప్రతి గడిని నాలుగు భాగాలుగా చీల్చే గీతలు ఉంటాయి. ఆ ఆకారమే పొలం అనే అక్షరం కనుక దానికి పొలం గడి అని పేరు. పలకమీద ఓనమాలు దిద్దినవారికి, తఖ్తీమీద అలిఫ్ బే దిద్దినవారికి ఇది పరాయి విద్య అనిపించదు.

ఎట్లు గీసినా తుదకు ఆకారం ఒకటే గదా, వరుస ఎందుకని అడుగవచ్చు. ముద్రిత పుటలో ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. వేగంగా వ్రాసిన ఉత్తరంలో దొరుకుతుంది. చేయి త్వరపడినప్పుడు కలం పూర్తిగా లేవదు. ఒక గీత తుది మరొక గీత మొదలుతో సన్నని దారం వలె కలుస్తుంది. ఏ గీత తరువాత ఏది వస్తుందో తెలిసినవాడు ఆ దారం పట్టుకొని అక్షరాన్ని గుర్తిస్తాడు. వరుస తప్పితే దారం వేరొకచోట పడుతుంది, చదువరి తికమక పడతాడు. మన కరణాల గొలుసుకట్టు వ్రాతను, శికస్తాలో వ్రాసిన పాత దస్తావేజులను చదువగలవారు ఈ మాటను వెంటనే అంగీకరిస్తారు. నిఘంటువు చూడడానికి సైతం గీతల లెక్క కావలెను. అక్షరంలోని ప్రధానాంగాన్ని గుర్తించి, మిగిలిన గీతలను లెక్కించి వెదకడం కాంగ్‌షీ నాటి పద్ధతి. నోటికి నాలుగు గీతలని లెక్కించినవాడు వేరొక పుటలో వెదకుతూ కూర్చుంటాడు.

అట్లని ఈ వరుస ప్రకృతి శాసనమేమీ కాదు. పొలం అక్షరంలో లోపలి అడ్డగీతను చైనాలో ముందు గీస్తారు. అదే అక్షరాన్ని వాడే జపానులో నిలువుగీత ముందు. రెండును చెల్లుతున్నవి. ఒక దేశపు పిల్లలందరి చేయి ఒకే దారిన నడవడం ముఖ్యం.

ఇప్పుడు ఆ చేతికే పని తగ్గినది. 1958లో ఆమోదించిన పిన్యిన్ పద్ధతిని అనుసరించి, మాట ధ్వనిని రోమన్ లిపిలో ఫోనులో కొట్టితే, ఆ ధ్వని గల అక్షరాలు తెరపై కనబడతాయి; కావలసినదానిని ఎన్నుకొంటే చాలు. చూచి గుర్తుపట్టగలిగి, కలం పట్టినప్పుడు వ్రాయలేకపోవడం విద్యావంతులలోను కనబడుతున్నది. "కలమెత్తి అక్షరం మరచుట" అని దానికి చైనా భాషలో నాలుగక్షరాల పేరే ఏర్పడినది. 2013లో అక్కడి జాతీయ టెలివిజను బాలబాలికలకు మాటలు చెప్పి వ్రాయించే పోటీని ప్రసారం చేసినది. పోటీలతో అలవాటు తిరిగి వస్తుందని మాకు నమ్మకం లేదు. యంత్రాన్ని నిందించడమూ న్యాయం కాదు. వేల అక్షరాల ఈ లిపి టైపు యంత్రానికి లొంగక ఎంత బాధ పెట్టినదో ఎరిగినవారు ఫోనును శత్రువుగా చూడరు. అయినను, అక్షరం చేతిలో ఉన్నదా, కంటిలో మాత్రమే ఉన్నదా అన్న సంగతి ఫోను ప్రక్కన పెట్టిన నాడు గాని బయటపడదు.

ఒకే ధ్వని గల ఇంటిపేర్లలో తనది ఏదో తెలియజేయవలసినప్పుడు చైనావారు అరచేతిపై చూపుడువ్రేలితో గీసి చూపుతారు. అక్కడ సిరా లేదు, గుర్తు మిగలదు. ఎదుటివాడు ఆ వ్రేలి కదలికల వరుసనే చదువుకొంటాడు.