మీకు తెలుసా? ఒకే మబ్బు, రెండు గిన్నెల నీళ్లు

తొలకరి మొదలవగానే స్టేషన్ ఘన్‌పూర్‌లో (కోటగుళ్ల ఘనపురం కాదు, రైలాగే ఘన్‌పూర్) దాబా మీద ఓ స్టీలు గిన్నె పెట్టండి. పది నిమిషాలకు అది తీసి ఇంకోటి పెట్టండి. రెండింటినీ ఎండబెడితే మొదటి గిన్నె అడుగున దుమ్ము మరక మిగులుతుంది, రెండోది దాదాపు శుభ్రంగా ఉంటుంది. ఎండాకాలమంతా గాలిలో తేలిన చెల్క దుమ్మూ, హైవే మీది లారీల పొగా, పొయ్యిల మసీ మొదటి చినుకులతోనే దిగిపోతాయి.

ఏ కల్తీ లేని వాన కూడా కాస్త ఆమ్లమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి పీహెచ్ 5.6 దాకా దిగుతుంది. మన దేశంలో చాలాచోట్ల వాన అంతకన్నా తక్కువ ఆమ్లంగా పడడానికి కారణం మనం తిట్టుకునే దుమ్మే. అందులోని సున్నం ఆమ్లాన్ని విరిచేస్తుంది. వాతావరణ శాఖ ఏళ్ల తరబడి వాన నీళ్లు పట్టి పరీక్షించిన కేంద్రాల్లో విశాఖపట్నం ఒకటి. అయితే అక్కడి లెక్కలు ఘన్‌పూర్‌కు పనికిరావు. విశాఖ వానలో సముద్రపు ఉప్పు కలుస్తుంది. తీరానికి 200 కిలోమీటర్ల పైన ఉన్న మన దగ్గరికి వచ్చేసరికి అది బాగా పల్చబడుతుంది.

అంత దూరం ఎందుకు, చినుకుకీ చినుకుకీ తేడా ఉంటుంది. సన్న తుంపర మెల్లగా దిగుతుంది, దారిలో కొంత ఆవిరవుతుంది కూడా. అందుకే సాధారణంగా లావు చినుకుల కంటే దానిలోనే లవణాలు చిక్కగా ఉంటాయి. రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త 1852లోనే మాంచెస్టర్ చుట్టూ వాన నీళ్లు పరీక్షించి, దూరపు పొలాల్లో అమ్మోనియం కార్బొనేట్, ఊరి శివార్లలో అమ్మోనియం సల్ఫేట్, నడి ఊళ్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం కనిపించాయని రాశాడు. అక్కడిది బొగ్గు పొగ మహిమ. మన దగ్గర పెంటకుప్పలూ, యూరియా చల్లిన వరి మళ్లూ గాలిలోకి అమ్మోనియా వదులుతాయి.

చెట్టు కింద పట్టిన నీళ్ల సంగతి మరీ వేరు. ఆకుల మీది దుమ్ముతో పాటు ఆకుల్లోని పొటాషియం కూడా అందులోకి దిగుతుంది. జింకు రేకుల చూరు నుంచి కారే నీళ్లలో జింకు ఉంటుంది. వాన నీళ్లే కదా అని వాటిని ట్రాక్టర్ బ్యాటరీలో పోయకండి. షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఖరీదు కొత్త బ్యాటరీ ముందు లెక్కలోది కాదు.