ఆ వచనం తెలుగు బైబిలులో ఎందుకు లేదు?



సాగర్ రోడ్డు పొడవునా తుర్కయాంజాల్ నుండి ఇబ్రహీంపట్నం వరకు ఉన్న సంఘాలలో ఇప్పుడు ఒకే ఆరాధనలో రెండు బైబిళ్లు తెరుచుకుంటున్నాయి. తల్లి ఒడిలో తెలుగు పరిశుద్ధ గ్రంథం, పక్కనే కొడుకు ఫోనులో ఇంగ్లీషు బైబిలు. అందుకే మన యౌవనస్థులు ఈ ప్రశ్న అడుగుతున్నారు: "అయ్యగారూ, 1 యోహాను 5:7 కింగ్ జేమ్స్ బైబిలులో ఒకలా, తెలుగులో ఇంకొకలా ఉంది. మన వాళ్లు వాక్యాన్ని తీసేశారా?"

ఇది మంచి ప్రశ్న. "విశ్వసించు, ప్రశ్నించకు" అని నోరు మూయిస్తే, ఆ బిడ్డ ఇదే ప్రశ్నను బయట అడుగుతాడు. అక్కడ "మీ గ్రంథం మార్చబడింది" అని చెప్పేవారు సిద్ధంగా ఉంటారు.

ముందు తేడా ఏమిటో చూద్దాం. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ అనువాదంలో, పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురని, వారు తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అని ఒక మాట ఉంది. మన సంఘాలలో చదివే తెలుగు పాత అనువాదంలో ఆ మాట లేదు. ఆత్మ, నీళ్లు, రక్తము అనే మూడు సాక్ష్యాలే ఉన్నాయి.

ఏది సరైనది? తెలుగును ఇంగ్లీషుతో కొలిస్తే జవాబు దొరకదు. యోహాను ఇంగ్లీషులో రాయలేదు. రెండింటినీ గ్రీకు వ్రాతప్రతులతో కొలవాలి. 4వ శతాబ్దానికి చెందిన సీనాయి ప్రతిలో, వాటికన్ ప్రతిలో ఈ మాట లేదు. 1 యోహాను పత్రిక ఉన్న వందలాది గ్రీకు ప్రతులలో ఇది కనిపించేవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని మాత్రమే. అవీ చాలా ఆలస్యంగా రాసినవి. కొన్నింటిలోనైతే తరువాతి కాలంలో ఎవరో పక్క అంచున చేర్చారు.

మరి అది ఎలా వచ్చింది? లాటిన్ సంఘంలో ఎవరో ఈ భాగానికి రాసుకున్న వివరణ, నకలు చేసేటప్పుడు వచనంలో కలిసిపోయిందని పండితుల అభిప్రాయం. ఎరాస్మస్ 1516లో, 1519లో అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనలలో ఈ మాట లేదు. దానిపై విమర్శలు వచ్చాయి. ఆ మాట ఉన్న ఒక కొత్త కాలపు గ్రీకు ప్రతి చూపబడిన తరువాత, 1522 ముద్రణలో ఆయన చేర్చాడు. ఆ ముద్రణల పరంపర నుండే అది కింగ్ జేమ్స్ అనువాదంలోకి వచ్చింది. 1881లో వెలువడిన ఇంగ్లీషు సవరణ అనువాదం దానిని వదిలేసింది.

కాబట్టి తెలుగులో దేవుని వాక్యం తీసివేయబడలేదు. మనుష్యుని వివరణ చేర్చబడలేదు, అంతే. వాక్యంలోనుండి తీసివేయడం ఎంత తప్పో, దానికి కలపడం కూడా అంతే తప్పని ప్రకటన 22:18-19 హెచ్చరిస్తుంది. మనం మొదటిదానికే భయపడి రెండవదాన్ని మరచిపోతుంటాం.

"అయితే త్రిత్వ సిద్ధాంతం ఏమవుతుంది?" అని కొందరు కలవరపడతారు. 4వ శతాబ్దంలో అరియస్ బోధను ఎదిరించిన గ్రీకు సంఘ పితరులు ఈ వచనాన్ని చూపలేదు. అది వారి చేతిలో ఉంటే తప్పక చూపేవారు. అది లేకుండానే వారు ఆ సత్యాన్ని లేఖనాల నుండి నిలబెట్టారు. మత్తయి 28:19, 2 కొరింథీయులకు 13:14, యోహాను సువార్త మొదటి అధ్యాయం మనకూ ఉన్నాయి. ఒక్క వచనం మీద వేలాడే విశ్వాసం కాదు మనది.

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. చేర్పు జరిగిందని మనకు ఎలా తెలిసింది? ప్రతులు అనేకం ఉండబట్టే. ఒకే ప్రతి ఉండి మిగతావన్నీ కాల్చివేయబడి ఉంటే తేడాలే కనబడవు, తప్పు ఎక్కడుందో కూడా తెలియదు. కొత్త నిబంధనకు 5,000కు పైగా గ్రీకు ప్రతులు ఉన్నాయి. వేర్వేరు దేశాలలో, వేర్వేరు శతాబ్దాలలో రాయబడిన వాటన్నిటినీ ఒకేసారి మార్చగలవారెవరు? ఒకచోట జరిగిన పొరపాటును మరోచోటి ప్రతి పట్టిస్తుంది. తేడాలలో అత్యధికం అక్షర దోషాలు, పదాల వరుస మార్పులే. మార్కు 16:9-20, యోహాను 7:53–8:11 వంటి పెద్ద భాగాల విషయంలో ప్రశ్న ఉన్నచోట అనేక అనువాదాలు అడుగున ఆ సంగతి దాచకుండా రాస్తున్నాయి.

పాత నిబంధన సంగతీ అంతే. 1947 నుండి కుమ్రాను గుహలలో దొరికిన చుట్టలలో యెషయా గ్రంథం మొత్తం ఉంది. అది 1008 నాటి లెనిన్‌గ్రాడ్ హెబ్రీ ప్రతికంటే సుమారు వెయ్యేళ్లు పాతది. తేడాలు ఉన్నాయి, ఎక్కువగా వర్ణక్రమానికి సంబంధించినవి. యెషయా సందేశం మాత్రం అదే.

అనువాదాలను సవరించడం కూడా కొందరికి అనుమానంగా తోస్తుంది. విశాఖపట్నంలో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆనందరాయర్ సహాయంతో తెలుగు అనువాదానికి పూనుకున్నారు. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యే నాటికి ఆ ఇద్దరు మిషనరీలూ ప్రభువు సన్నిధికి చేరిపోయారు. తరువాతివారు ఆ పనిని మళ్లీ మళ్లీ సరిచూశారు. అది గ్రంథాన్ని మార్చడం కాదు, మూలానికి మరింత దగ్గర చేయడం.

సంఘ పెద్దలకు ఒక మనవి. యౌవనస్థుడు రెండు బైబిళ్లు పట్టుకుని వస్తే గద్దించకండి, పక్కన కూర్చోబెట్టుకోండి. పౌలు బోధను సైతం లేఖనాలతో సరిచూసిన బెరయ వారిని అపొస్తలుల కార్యములు 17:11 ఘనులని మెచ్చుకుంది. పరీక్షకు నిలిచిన వాక్యాన్ని పరీక్షించనివ్వడానికి మనకు భయమెందుకు?