తెల్లబడే వేళ్ళు

పిల్లలూ! 1994లో చింతపల్లి వైపు మన్యంలో ఒక బడిలో పనిచేస్తున్నాను. పుష్యమాసం. పొద్దుటి మంచు ఇంకా విడలేదు. ఎక్కాలు రాయమంటే ఒక అమ్మాయి పలక ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నది. దగ్గరికి వెళ్ళి చూస్తే రెండు వేళ్ళు కణుపుదాకా తెల్లగా ఉన్నాయి.

"సుద్దతో ఆటలా?" అని కసిరాను.

"సుద్ద కాదు, మాష్టారూ! వేళ్ళు నావి కానట్టున్నాయి," అన్నదా పిల్ల.

ముట్టుకుంటే చల్లగా జిల్లుమన్నాయి. కొంతసేపటికి నీలంగా మారాయి. ఎండలో నిలబెట్టాక ఎర్రగా కంది చురుక్కుమన్నాయి.

మన ఒంటి వేడి సుమారు 37 డిగ్రీలు. చలివేసినప్పుడు గుండె, మెదడు మొదలైన వాటి వేడి తగ్గకుండా శరీరం ఒక ఉపాయం చేస్తుంది. చర్మంలోని సన్నని రక్తనాళాలను బిగించి నెత్తురును లోపలే అట్టే పెట్టుకుంటుంది. ఇది అందరిలోనూ ఉన్నదే. అయితే కొందరిలో ఈ బిగింపు మరీ ఎక్కువ. కుళాయి కొంచెం తిప్పడానికి బదులు పూర్తిగా కట్టేసినట్టన్నమాట! నెత్తురు అందక వేలు తెల్లబడుతుంది. అక్కడ మిగిలిన నెత్తురులో ప్రాణవాయువు అయిపోగానే నీలమవుతుంది. నాళాలు వదులై కొత్త నెత్తురు వచ్చినప్పుడు ఎర్రబడుతుంది. కాలివేళ్ళకూ ఇంతే. చామనచాయ చేతులపై ఈ రంగులు బాగా తెలియవు కనుక అరచేతివైపూ, గోళ్ళకిందా చూడాలి. 1862లో మారిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని వివరించాడు. అందుచేత దీనికి ఆయన పేరే వచ్చింది. చలికే కాదు, భయానికీ కంగారుకూ కూడా ఇది వస్తుంది. నా కసురు ఆ పిల్లకేం మేలు చేసి ఉంటుంది?

చేతితొడుగులూ మేజోళ్ళూ చలిలోకి వెళ్ళకముందే వేసుకోవాలి. అయితే అవి మాత్రమే చాలవు. ఒళ్ళు చల్లబడితే వేళ్ళ నాళాలు బిగుస్తాయి, కనుక ఒళ్ళంతా కప్పుకోవాలి. వేళ్ళు తెల్లబడితే చంకల్లో దోపుకోవచ్చు, భుజం నుంచి చేతులు గిరగిర తిప్పవచ్చు, గోరువెచ్చని నీళ్ళలో ముంచవచ్చు. కుంపటి మీద మాత్రం కాచవద్దు. తిమ్మిరెక్కిన వేలికి కాలినా తెలియదు!

పెద్దలకు ఒక మాట. చాలామందికి దీనివల్ల ప్రమాదం లేదు. కాని వేలికొనలు పుండ్లు పడినా, ఒక చేతికే వస్తున్నా, కీళ్ళనొప్పులు తోడైనా, ముప్ఫై ఏళ్ళు దాటాక మొదలైనా డాక్టరుకు చూపించాలి. ఇది ఉన్నవారు చుట్ట, బీడీ ముట్టరాదు. పొగాకు నాళాలను ఇంకా బిగిస్తుంది.

మర్నాటి నుంచి ఆ అమ్మాయిని తూర్పు కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. పొద్దున్నే నోటిలెక్కలు చెప్పించి, రాతపని ఎండెక్కాక పెట్టుకున్నాం.