రాతిగుట్టకు అంకెల దారి

మర్రిచెట్లకు పేరుపడిన బిజాపూరు బాటపై హైదరాబాదు నుండి మొయినాబాదు, చేవెళ్ల మీదుగా ఆలూరునకు పోవువారు నగరము చుట్టునున్న రాతిగుట్టలను చూడకపోరు. బండపై బండ, దానిపై గుండు. గాలి వీచిన దొర్లునేమో యనిపించును. ఇట్టి రాళ్ల కడకు నడచిపోవుటకు జియోకాషింగ్ అను ఆట మంచి నెపము.

2000 మే నెలారంభమున అమెరికా ప్రభుత్వము, పౌరులకందు ఉపగ్రహ సంకేతములలో తాను కావలెనని కలుపుచుండిన తప్పును తొలగించెను. మే 3వ తేదీన ఒరెగాన్ రాష్ట్రమున డేవ్ ఉల్మర్ అనునతడు కొన్ని వస్తువులను బకెట్టులో నుంచి, అడవిలో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను లోకమునకు తెలిపెను. కనుగొన్నవారు అందలి పుస్తకములో పేరు వ్రాయవలెను. ఒక వస్తువు తీసికొన్నచో మరియొకటి ఉంచవలెను. ఆట ఇంతే. నేడు ఎడారులలోని శిలాతోరణముల వరకును ఇట్టి పెట్టెలు జనులను నడిపించుచున్నవి.

ఇక అంకెల సంగతి. చేవెళ్ల సుమారు 17 డిగ్రీల 18 నిమిషముల ఉత్తర అక్షాంశమున నున్నది. అక్షాంశములో ఒక నిమిషము నేలపై దాదాపు 1,850 మీటర్లు. అందు వెయ్యవ వంతు రెండు మీటర్లకు లోపే. అయినను చేతిలోని ఫోను కొన్ని మీటర్లు తప్పి చూపవచ్చును. కావున చివరి కొన్ని అడుగులు కంటితోనే వెదకవలెను. అప్పుడే రాయి మనకు నిజముగా కనబడును.

ఆ రాళ్లను ఎవరు పేర్చిరి? ఎవరును పేర్చలేదు. దాదాపు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున చల్లారి గట్టిపడిన గ్రానైటు అది. పైనున్న పొరలు అరిగిపోగా బరువు తగ్గి శిల నెరలు విచ్చెను. నీరు ఆ నెరలలో దిగి అంచులను కొరికి గుండ్రపరచెను; మెత్తబడిన మన్ను వానలకు కొట్టుకొనిపోయెను. చుట్టునున్నది పోగా నిలిచినదే మనము చూచు దొంతర. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలోని పుట్టగొడుగు రాయి ఇందుకు చక్కని ఉదాహరణము.

ఇట్టి గుట్టలెన్నో కంకరకును, కట్టడములకును పగిలిపోయినవి. మిగిలినవానిని కాపాడుటకు 1996లో హైదరాబాదున సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడినది. ఆటకు పోవువారికి మా మనవి: పొలము గలవారి అనుమతి పొందుడు, ఎండ ముదురకముందే మరలుడు, నెరలో చేయి పెట్టకముందు కర్రతో తట్టుడు, తేళ్లుండవచ్చును. రాతిపై రంగు పూయవలదు, ఉలి తాకింపవలదు. పెట్టె పోయినచో రేపు మరియొకటి పెట్టుకొనవచ్చును. గుండు పగిలినచో మరల పెట్టువారెవరు?